మూడుసార్లూ చీటీ తగలని అబ్బాయికి

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. నా వయసు 28. మాది సత్తుపల్లి దగ్గర ఒక పల్లె. 2021లో అప్పు చేసి ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వెళ్లాను. నాన్న రెండెకరాలు బ్యాంకులో పెట్టారు. చదువయ్యాక మూడేళ్లు అక్కడే ఉద్యోగం చేశాను. 2023, 2024, 2025 మూడేళ్లూ అక్కడ ఉద్యోగానికి కావాల్సిన హెచ్‌-1బీ వీసా లాటరీలో నా పేరు రాలేదు. నా రూమ్మేట్‌కి మొదటి ఏడాదే వచ్చింది. వాడి పేరుతో మూడు కన్సల్టెన్సీలు దరఖాస్తు వేశాయి, నాకు మా కంపెనీ ఒక్కటే వేసింది. వాడు నాకంటే బాగా చదివేవాడేం కాదు, నా అసైన్‌మెంట్లు చూసి రాసేవాడు. ఈ జనవరిలో నేను తిరిగొచ్చేశాను. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది కానీ జీతం అక్కడి దాంట్లో నాలుగో వంతు. అప్పు ఇంకా 14 లక్షలుంది. నేను వచ్చిన నెలలోనే చెల్లికి ఖాయమనుకున్న సంబంధం తప్పిపోయింది. అమ్మ ఈ రెండూ కలిపి నా జాతకం చూపించింది. శాంతి చేయించాలి, పేరులో ఒక అక్షరం మార్చాలి, మొత్తం 65 వేలవుతుంది అన్నారట. పెద్దనాన్న కొడుకు 2001లో వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. ‘గట్టిగా కష్టపడేవాడికి అదృష్టం దానంతటదే వస్తుంది తమ్ముడూ’ అని మెసేజ్ పెట్టాడు. ఫిబ్రవరిలో రూమ్మేట్‌ వాళ్ల నాన్నకి ఖమ్మంలో గుండె ఆపరేషన్ అయితే వాడు రాలేకపోయాడు, నేనే నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. అప్పటి నుంచి వాడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాడు. నాకు ఎత్తబుద్ధి కావడం లేదు. అసలు అదృష్టం అంటే ఏంటి మేడం? ఇంట్లో అంటున్నట్టు నేను దురదృష్టవంతుణ్ణేనా?

– పేరు వద్దు, ఖమ్మం జిల్లా

సమాధానం:

బాబూ, నువ్వు నా కొడుకు కంటే చిన్నవాడివి. నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన దాన్ని. ఓదార్చడం నాకు పెద్దగా రాదు, మా పిల్లలే ఆ మాటంటారు. లెక్క వేయడం మాత్రం వచ్చు. కాబట్టి ముందు నీ లెక్క చూద్దాం, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

2023 మార్చిలో ఆ లాటరీకి అర్హత ఉన్న రిజిస్ట్రేషన్లు 7,58,994. అందులో తీసినవి 1,88,400. అంటే నూటికి పాతిక. 2024లో 4,70,342కి 1,35,137, నూటికి 29 లోపు. 2025లో 3,43,981కి 1,20,141, నూటికి 35. ఇప్పుడు తిరగేసి చూడు. మొదటిసారి పేరు రాకుండా ఉండేది నూటికి 75 మందికి, రెండోసారి 71 మందికి, మూడోసారి 65 మందికి. మూడింటినీ హెచ్చవేస్తే, మూడుసార్లూ రానివాళ్లు నూటికి దాదాపు 35 మంది తేలతారు. నువ్వు అక్కడే మాస్టర్స్ చదివావు కాబట్టి, మీలాంటి వాళ్లకు విడిగా ఉన్న 20,000 వీసాల కోటాలో రెండోసారి కూడా నీ చీటీ కలుస్తుంది. దానికోసం కాస్త తగ్గిద్దాం. ఎంత తగ్గించినా ముగ్గురిలోనో నలుగురిలోనో ఒకరికి జరిగేదే నీకు జరిగింది. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు తెరిచి లెక్కపెట్టుకో, నీలాంటి వాళ్లు కనబడతారు. వాళ్లు గ్రూపులో మాట్లాడటం మానేసి ఉంటారు, అందుకే నువ్వొక్కడివే అనిపిస్తోంది. ముగ్గురిలో ఒకరికి పట్టేదాన్ని శని అనరు.

నువ్వు రాసిన ఇంకో ముక్క. రూమ్మేట్‌కి మూడు చీటీలు, నీకు ఒకటి. ఆ ఏడాది ఒక్కో చీటీకి నూటికి పాతిక వంతున అవకాశమనుకుంటే, మూడు చీటీలవాడికి ఏదో ఒకటి తగిలే అవకాశం నూటికి 58. నీది పాతికే. మీరిద్దరూ ఒకే ఆట ఆడామనుకున్నారు కానీ ఆడినది ఒకే ఆట కాదు. ఆ ఏడాది వచ్చిన రిజిస్ట్రేషన్లలో 4,08,891, అంటే సగానికి పైగా, ఒకటి కంటే ఎక్కువ చీటీలున్న వాళ్లవే. అది చూసే తర్వాతి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒకే చీటీ అని నియమం మార్చారు. ఇప్పుడైతే జీతం స్థాయిని బట్టి కొందరికి ఎక్కువ చీటీలు పడే పద్ధతి తెచ్చారు. ఇదంతా నీ స్నేహితుణ్ణి తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వాడికి ఎవరో వేస్తామన్నారు, ఊఁ అన్నాడు. నేను చెప్పేది ఏమిటంటే, మనం అదృష్టం అని దణ్ణం పెట్టేదాంట్లో ఒక పెద్ద భాగం ఎవరో ఆఫీసులో కూర్చుని రాసిన నియమం.

కాలేజీలో ఏటా ఒక ఆట ఆడించేదాన్ని. సగం మంది పిల్లల్ని నిజంగా నాణెం వందసార్లు ఎగరేసి బొమ్మా బొరుసూ వరసగా రాయమనేదాన్ని. మిగతా సగం మందిని నాణెం ముట్టుకోకుండా, ఊహించి వంద రాయమనేదాన్ని. ఎవరిది ఏదో నాకు చెప్పకూడదు. కాగితాలు తీసుకుని ఏది నిజమైనదో, ఏది కల్పించినదో చెప్పేదాన్ని, చాలావరకు తప్పేది కాదు. కిటుకు చాలా చిన్నది. కల్పించేవాళ్లు వరసగా ఐదు బొరుసులు రాయడానికి భయపడతారు. మూడు పడగానే ‘ఇక చాల్లే’ అని బొమ్మ వేస్తారు. నాణేనికి ఆ మొహమాటం లేదు. వందసార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట ఐదో ఆరో ఒకే వైపు పడటం మామూలే. ఆ ఆరు పడ్డ చోట ఒక మనిషిని నిలబెట్టామనుకో, వాడికి లోకమంతా తన మీద పగబట్టినట్టు ఉంటుంది. నాణేనికి వాడెవడో తెలియదు. వెనక పడ్డ బొరుసులూ గుర్తుండవు. ‘మూడుసార్లు పోయింది కాబట్టి నాలుగోసారి ఖాయం’ అనేవాళ్లూ, ‘మూడుసార్లు పోయింది, ఇక వీడికి ఏదీ రాదు’ అనేవాళ్లూ చేసే పొరపాటు ఒకటే. ఇద్దరూ నాణేనికి జ్ఞాపకశక్తి అంటగడుతున్నారు.

వెళ్లేముందు నువ్వు చిలుకూరు వెళ్లే ఉంటావు. మీ ఈడు పిల్లల్లో వెళ్లనివాళ్లు తక్కువ. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. నాకూ ఆ గుడి ఇష్టం. హుండీ పెట్టని గుడి, అందుకు ఇంకా ఇష్టం. కానీ లెక్కల టీచర్ని కదా, అక్కడ నిలబడినా బుద్ధి పోనిచ్చుకోను. చేతిలో కార్డు పట్టుకుని అంకెలు కొట్టేసుకుంటూ 108 తిరిగేవాళ్లు మన కళ్లెదుటే ఉంటారు. 11 చేసి వెళ్లి, వీసా రాక, మళ్లీ ఆ గుడి వైపు రానివాళ్లు ఎంతమందో ఆ ప్రాకారంలో ఎక్కడా కనబడరు. మన చుట్టూ ‘అదృష్టవంతులు’ అంత దట్టంగా కనబడటానికి కారణం ఇదే. తగిలినవాడు ఇల్లు కొన్న ఫొటో పెడతాడు. తగలనివాడు జనవరిలో రెండు సూట్‌కేసులతో రాత్రి విమానం దిగి, ఊళ్లో ఎవరికీ కనబడకుండా తెల్లవారకముందే ఇంటికి చేరతాడు. నువ్వు కూడా అలాగే వచ్చి ఉంటావని అనుకుంటున్నాను.

ఇక మాట సంగతి. దృష్టం అంటే చూడబడినది. అదృష్టం అంటే చూడబడనిది, అంతే. పాతకాలపు తత్వవేత్తలకి అది మంచికీ చెడుకీ రెండింటికీ చెల్లే మాట. ఇవాళ చేసిన పనికీ ఎప్పుడో వచ్చే ఫలానికీ నడుమ కంటికి ఆనకుండా ఉండే ముడి అని వాడారు. ఆ మాటని మనం లాటరీ టికెట్ల దగ్గరికి తెచ్చుకున్నాం. అక్కడితో ఆగినా బాగుండేది. దానికి ముందు ‘దుర్’, వెనక ‘వంతుడు’ తగిలించి మనుషుల నుదుటి మీద అంటించడం మొదలుపెట్టాం. ధనవంతుడు, బలవంతుడు లాగా దురదృష్టవంతుడు. డబ్బు ఉంటుంది, బలం ఉంటుంది. కనబడనిది ఒకడి దగ్గర ఎలా ‘ఉంటుంది’ చెప్పు?

మన పల్లెల్లో దీనికి ఇంతకంటే తెలివైన మాట ఉంది: కలిసిరావడం. ‘ఈ ఏడు మిరప కలిసొచ్చింది’ అంటారు. ‘ఆ వ్యాపారం వాళ్లకి కలిసిరాలేదు’ అంటారు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడని సామెత కూడా ఉంది. గమనించావా, ఇది క్రియ. ఒకచోట, ఒక ఏడు, నాలుగైదు విషయాలు ఒక్కటిగా వస్తే కలిసొచ్చింది. రాకపోతే రాలేదు. వచ్చే ఏడు మాట వేరు. మీ నాన్నని అడుగు. మిరప ధర పడిపోయిన ఏడు ఆయన ‘కలిసిరాలేదు’ అని ఉంటారు తప్ప, తన పేరు పక్కన బిరుదులా తగిలించుకుని ఉండరు. మళ్లీ తొలకరికి నారు పోసే ఉంటారు.

మీ న్యూజెర్సీ అన్నయ్య దగ్గరికి వద్దాం. ఆయన మాట మీద నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. ఈ వీసాకి ఏడాదికి 65,000 అన్న హద్దు 1990 నాటి చట్టంలోది. సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్నప్పుడు 1999, 2000 సంవత్సరాలకు దాన్ని 1,15,000 చేశారు. తర్వాత 2001, 2002, 2003 సంవత్సరాలకు 1,95,000 చేశారు. ఆ మూడేళ్లలో ఒక్క ఏడాది కూడా ఆ సంఖ్య నిండలేదు. నిండలేదు కాబట్టి చీటీలు వేయాల్సిన పనే పడలేదు. 2004కి మళ్లీ 65,000కి దించేశారు. మాస్టర్స్ వాళ్ల 20,000 ఆ తర్వాత కలిసింది. మీ అన్నయ్య వెళ్లిన 2001లో కంపెనీ కాగితాలు పెడితే చాలు, పిలుపు వచ్చేది. అప్పటికి నీకు మూడేళ్లు. ఆయన కష్టపడలేదని నేను అనను. డాట్‌కామ్ కుప్పకూలి ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకుని వెనక్కి వచ్చిన రోజుల్లో ఆయన అక్కడ నిలబడ్డాడంటే పడ్డ పాట్లు ఆయనకే తెలియాలి. కానీ ఆ కష్టం ఆయనకి కనబడుతుంది, ఎందుకంటే పడ్డాడు. తెరిచి ఉన్న తలుపు కనబడదు. తెరిచిన తలుపులోంచి నడిచి వెళ్లినవాడికి తలుపు ఉందన్న సంగతే తెలియదు, మూసిన తలుపుకి తల కొట్టుకున్నవాడికే తెలుస్తుంది. అదృష్టం అంటే చూడబడనిది అన్నాను కదా, ఆ మాట మీ అన్నయ్యకి అతికినట్టు సరిపోతుంది. ఆయనకి జవాబు రాయనక్కర్లేదులే. మనిషి మంచివాడే అయి ఉంటాడు.

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి.

ఆయన దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. 1977 నవంబరులో మా అమ్మ, మేం పిల్లలం గుడివాడలో అమ్మమ్మగారింట్లో ఉన్నాం. పెళ్లి పనులేవో ఉన్నాయి. నాన్న మమ్మల్ని చూడటానికి వచ్చి 19వ తేదీ, శనివారం పొద్దున తిరిగి బయల్దేరాడు. గుమ్మం దాటి నాలుగడుగులు వేశాడో లేదో చెప్పు తెగింది. అమ్మమ్మ అపశకునం అంది. నాన్న విసుక్కుని, చెప్పు కుట్టించుకుని వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది. కండక్టర్నీ చెప్పునీ కలిపి తిట్టుకుంటూ ఇంటికొచ్చి పడుకున్నాడు. ఆ సాయంత్రం ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని బతికినవాళ్లు చెప్పేవాళ్లు. వేలమంది పోయారు. నాన్న బళ్లో చదివే పిల్లల్లో సగం మంది పేర్లు హాజరుపట్టీలో మిగిలాయి, పిల్లలు మిగల్లేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇంటికి ఎవరొచ్చినా ఆ చెప్పు కథే. ‘ఎంత అదృష్టవంతుడివయ్యా మాస్టారూ’ అనేవాళ్లు. అమ్మమ్మ ఆ చెప్పుని పారేయనివ్వలేదు. నాన్న మాత్రం ఆ మాట అన్నప్పుడల్లా లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఎన్నో ఏళ్ల తర్వాత, నేను ఉద్యోగంలో చేరాక, ఒకసారి అడిగాను ఎందుకని. ఆయన అన్నది ఇది: ‘చెప్పు తెగితే బతికేటట్టయితే, అసలు చెప్పుల్లేని వాళ్ల సంగతేంటే? మా ఊళ్లో పోయినవాళ్లలో చాలామంది కాళ్లకి చెప్పుల్లేవు.’

నేను స్టాటిస్టిక్స్ పుస్తకాలు చాలా చదివాను. ఆ మాట దగ్గరే ఇప్పటికీ ఆగిపోతుంటాను. పోయినవాళ్లు దురదృష్టవంతులు కాదు బాబూ. గుడిసెల్లో, పల్లంలో, సముద్రానికి ఎదురుగా ఉన్నారు. ఎక్కడానికి గట్టి మేడ లేదు, వెళ్లిపొమ్మని గట్టిగా చెప్పి తీసుకెళ్లినవాళ్లు లేరు. 1990 మే నెలలో అంత భీకరమైన తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. వెయ్యి తక్కువేం కాదు. కానీ పదమూడేళ్లలో ఆ తీరంలో పుట్టినవాళ్ల జాతకాలు మారిపోయాయా? తుపాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికలు వచ్చాయి.

నీ వీసాని ఉప్పెనతో పోలుస్తున్నానని అనుకోకు, అంత తెలివితక్కువ దాన్ని కాను. ‘అదృష్టం’ అని చేతులు దులుపుకునే ముందు, అందులో మనుషులు చేసినది ఎంత, ఊరికే జరిగినది ఎంత అని విడదీసి చూడటం నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. విడదీశాక మిగిలే ఆ ఊరికే జరిగిన భాగం ఉందే, దానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు, మీసం మెలేయాల్సిన పనీ లేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. నువ్వు వచ్చిన నెలలోనే చెల్లి సంబంధం తప్పింది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అని మనం రోజూ వాడే మాట ఈ కథలోంచి వచ్చిందే. సంబంధం ఎందుకు తప్పిందో నువ్వు రాయలేదు. అసలు అడిగావా? కట్నం దగ్గరో, అబ్బాయికి ఇంకో ఇష్టం ఉండో, అన్న అమెరికా నుంచి వచ్చేశాడని వాళ్ల లెక్కలేవో మారో తప్పి ఉండొచ్చు. ఆఖరిదే నిజమైతే అలాంటి ఇంటికి ఆ పిల్ల వెళ్లకపోవడం గురించి ఇంట్లో ఏడవాల్సిందేమీ లేదు. ఆ అమ్మాయికి ఆ సంబంధం ఇష్టమో కాదో కూడా నీ ఉత్తరంలో లేదు. ఒకసారి పక్కన కూర్చుని అడుగు.

ఇంకో మాట, కాస్త పక్కకి పోతున్నాను. ‘కోడలొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ’ అని మనకో సామెత. పెళ్లయిన ఏడాదిలో మామగారు పోయినా, గేదె చచ్చినా కొత్త కోడలి పాదం మీదికి తోసేవాళ్లు, ఇప్పటికీ తోస్తున్నారు. మా పెద్దక్క ఆ మాట పదేళ్లు పడింది. నీకు మూడు నెలల నుంచి గుచ్చుకుంటున్న ఆ ముల్లుని మన ఆడవాళ్లు కొందరు జీవితమంతా మోశారు. రేపు మీ చెల్లి పెళ్లయి ఒక ఇంటికి వెళ్తుంది, నీకూ ఒక భార్య వస్తుంది. ఈ ‘పాదం, జాతకం’ మాటలు మీ ఇంట్లో నీ దగ్గరే ఆగిపోతే వాళ్లిద్దరికీ మేలు.

65 వేల శాంతి. ఏడేళ్లకి, 11 శాతం వడ్డీకి అనుకుంటే నీ 14 లక్షల అప్పుకి నెల వాయిదా దాదాపు 24 వేలు. అంటే శాంతికి అడుగుతున్నది దాదాపు మూడు వాయిదాలు. ఆ డబ్బు బ్యాంకులో కట్టు. మీ నాన్న రెండెకరాలు ఆ మేరకు దగ్గరవుతాయి, అదీ ఒక రకం శాంతే. అమ్మ మీద మాత్రం కోప్పడకు. ఆమెకి వీసా నియమాలు తెలియవు, కొడుకు ముఖం కనబడుతోంది. ఏదో ఒకటి చేయకుండా కూర్చోలేకపోతోంది. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకోండి, నలుగురికి భోజనం పెట్టండి. నువ్వు తలంటు పోసుకుని పీటల మీద కూర్చో. ఆమె మనసు కుదుటపడుతుంది, ఖర్చు చేతిలో ఉంటుంది. పేరులో అక్షరం మార్చడానికి మాత్రం ఒప్పుకోకు. పాస్‌పోర్టులో ఒక పేరు, డిగ్రీ మీద ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, పాన్‌లో ఒకటి అయితే అవన్నీ సరిచేయించుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగేసరికి నిజంగానే శని పట్టినట్టు ఉంటుంది.

ఉద్యోగం గురించి నాకు తెలిసింది తక్కువ, తెలిసినంత చెబుతాను. జీతం నాలుగో వంతు అన్నావు. డాలర్ని రూపాయల్లోకి మార్చి ఏడవడం మొదటి ఆరునెలలు అందరూ చేస్తారు. అక్కడి ఇంటద్దె, కారు, ఇన్సూరెన్స్ తీసేసి, నెలాఖరుకి నిజంగా ఎంత మిగిలేదో, ఇక్కడ ఎంత మిగులుతుందో ఒక కాగితం మీద పక్కపక్కన రాయి. తేడా ఉంటుంది, పెద్దదే ఉండొచ్చు. కానీ నాలుగు రెట్లు ఉండకపోవచ్చు. ఇక మళ్లీ వెళ్లాలనే ఉంటే, చీటీలతో పనిలేని దారి ఒకటుంది. అమెరికా కంపెనీల సొంత కేంద్రాలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. అలాంటి చోట ఏడాది పనిచేశాక అదే కంపెనీ తన అమెరికా ఆఫీసుకి ఎల్‌-1 అనే వీసా మీద పంపొచ్చు, దానికి లాటరీ లేదు. బయటి దేశం నుంచి కొత్తగా హెచ్‌-1బీ పెట్టాలంటే 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు కదా, ఆ తలనొప్పీ దీనికి లేదు. పంపుతారా లేదా అన్నది కంపెనీ ఇష్టం, కాబట్టి దాన్నే నమ్ముకుని ఇక్కడి జీవితాన్ని వెయిటింగ్ రూంలా గడపకు. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఇదీ ఒక అంశంగా చూడు, చాలు.

రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు ‘అసలు వెళ్లకుండా ఉంటే’ అనిపిస్తుంది కదా. అప్పుడు ఫలితాన్ని కాసేపు పక్కన పెట్టి, 2021లో నీకు తెలిసినదాన్ని మాత్రమే గుర్తుచేసుకో. సీటు వచ్చింది, అప్పు పుట్టింది, ముందు బ్యాచ్‌లవాళ్లు స్థిరపడ్డారు. తెలిసిన సంగతులతో తీసుకున్న నిర్ణయం తప్పు కాదు. నిజాయతీగా ఒకే చీటీ వేయడమూ తప్పు కాదు. నిర్ణయం బాగుండి ఫలితం బాగాలేకపోవడం, నిర్ణయం చెత్తదై ఫలితం అదిరిపోవడం రెండూ రోజూ జరుగుతాయి. మన ఊళ్లలో రెండోదాన్ని చూసి ‘నక్కతోక తొక్కాడు’ అని మెచ్చుకుంటారు. మొదటిదానికి పేరు కూడా పెట్టలేదు. నష్టం నష్టమే, కాదనను. మూడేళ్లు అలవాటైన ఊరు, పని, నీ చేతుల్తో కొనుక్కున్న వంటగిన్నెలు అన్నీ వదిలేసి వచ్చావు. దానికి బాధపడు. ఆ బాధకి జాతకం అవసరం లేదు.

ఇక నీ ఉత్తరంలో నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి. రూమ్మేట్‌ వాళ్ల నాన్నకి గుండె ఆపరేషన్. వాడు రాలేదు, నువ్వు నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నావు.

వాడు ఎందుకు రాలేదో నేను ఊహించగలను. లాటరీ తగిలి అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి ఉద్యోగి హోదాకి మారినవాళ్లు ఒకసారి దేశం దాటితే, తిరిగి వెళ్లేముందు ఇక్కడ అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ వేయించుకోవాలి. 2025 డిసెంబరు నుంచి సోషల్ మీడియా తనిఖీ మొదలయ్యాక ఆ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడ్డాయి. సెలవు మీద వచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కున్నారు. ఇరుక్కుంటే ఉద్యోగం పోవచ్చు. గ్రీన్‌కార్డు వస్తే ఈ బాధ ఉండదు అంటావా, ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న హద్దు వల్ల మనవాళ్లలో పుష్కరం కిందట దరఖాస్తు పెట్టినవాళ్ల వంతే ఇంకా నడుస్తోంది. నాన్న ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే వాడు డల్లాస్‌లోనో ఎక్కడో తెల్లవార్లూ ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆ ఫోన్‌కి ఇవతల మాట్లాడింది నువ్వే అయ్యుంటావు.

దీన్నిబట్టి వాడే దురదృష్టవంతుడు, నువ్వే అదృష్టవంతుడివి అని నేను తేల్చడం లేదు. అలా తిప్పి చెప్పి సంబరపడేవాళ్లని చూస్తే నాకు చిరాకు. వాడికి వీసా కలిసొచ్చింది, ఫిబ్రవరి కలిసిరాలేదు. నీకు వీసా కలిసిరాలేదు. వాడి నాన్నకి, ఆ నాలుగు రోజులు, నువ్వు ఖమ్మానికి దగ్గర్లో ఉండటం కలిసొచ్చింది. ఆయనకైతే ఆ లాటరీలో నీ పేరు రాకపోవడం వల్లే మంచం పక్కన ఒక మనిషి దొరికాడు. ఈ మాట నీకు ఓదార్పుగా అనిపించకపోవచ్చు. ఆయన కోణంలోంచి చూస్తే జరిగింది మాత్రం అదే.

వాడు ఆదివారం ఆదివారం ఎందుకు చేస్తున్నాడో నీకు తెలుసు. కృతజ్ఞత చెప్పడానికి కావచ్చు, మూడు చీటీల సంగతి ఎప్పటి నుంచో గొంతులో ఉండి కావచ్చు. వాడు ‘సారీ రా’ అంటే ఏమనాలో తెలియక నువ్వు ఎత్తడం లేదేమో. ఏమీ అనక్కర్లేదు. ‘మీ నాన్న ఎలా ఉన్నారు, మందులు వేసుకుంటున్నారా’ అని అడుగు, మాట అదే నడుస్తుంది. కుదిరితే ఈ శనివారం ఖమ్మం వెళ్లి ఆయన్ని ఒకసారి చూసిరా. ఆదివారం వాడు చేసేసరికి చెప్పడానికి నీ దగ్గర సంగతులుంటాయి.